వేసవి సెలవుల్లో విశాఖ వెళ్తున్నాం – మంచి భోజనం ఎక్కడ?

హనుమకొండవాసి | ఏప్రిల్ 18, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. పిల్లలకు సెలవులు ఇవ్వగానే, మే మొదటి వారంలో విశాఖపట్నం వెళ్తున్నాం. బస ఆర్కే బీచ్‌కు దగ్గర్లోనే. చూడవలసిన చోట్ల గురించి బంధువులు కావలసినంత చెప్పారు. తిండి గురించి అడిగితే మాత్రం "అక్కడ అన్నీ బాగానే ఉంటాయి" అని తేల్చేస్తున్నారు.

మా ఇబ్బంది ఇది. నాన్నగారు పూర్తి శాకాహారి, మధుమేహం ఉంది, మధ్యాహ్నం పన్నెండున్నర దాటితే ఆకలికి ఆగలేరు. పిల్లలిద్దరూ కారం ముట్టరు. నేనూ మా ఆవిడా చేపలంటే ప్రాణం పెడతాం. మా వైపు దొరికేవి ఎక్కువగా చెరువు చేపలే కాబట్టి, సముద్రపు చేపను తాజాగా తినాలన్నది ఎప్పటి నుంచో ఉన్న కోరిక.

పెద్ద హోటళ్ళే కావాలని లేదు. శుభ్రంగా ఉండాలి, నాన్నగారు ఇబ్బంది లేకుండా కూర్చోగలగాలి, వంట ఆ ఊరి వంటలా ఉండాలి. మా ఊళ్ళోనూ దొరికే పనీరు కూర, నూడుల్స్ తినడానికి అంత దూరం వెళ్ళబుద్ధి కావడం లేదు.

రైలుబండి | ఏప్రిల్ 18, రాత్రి 9:40

ఉద్యోగరీత్యా తరచు వెళ్తుంటాను. నాకు నచ్చినవి చెప్తాను.

నాన్నగారికి జగదాంబ దగ్గర దసపల్లా హోటల్లోని ధరణి. శాకాహార భోజనం, వడ్డన నిదానంగా, మర్యాదగా ఉంటుంది. ఉదయం టిఫిన్లకు ద్వారకానగర్‌లో సాయిరామ్ పార్లర్. చేపలు, రొయ్యలకు లాసన్స్ బే వైపు బీచ్ రోడ్డు మీద కామత్. కారం తట్టుకోగలిగితే అదే బీచ్ రోడ్డులో సీ ఇన్, రాజుగారి ధాబా అంటే ఎవరైనా చూపిస్తారు. జగదాంబ దగ్గర ఆల్ఫా బిర్యానీకి పాత పేరు.

హనుమకొండవాసి | ఏప్రిల్ 18, రాత్రి 10:05

చాలా సంతోషం రైలుబండి గారూ, రాసుకున్నాను. మరి కోనం అని ఒక చేప గురించి విన్నాను. అది ఎక్కడ బాగుంటుంది?

ఉప్పుగాలి | ఏప్రిల్ 19, ఉదయం 6:35

హనుమకొండవాసి గారూ, చాలాచోట్ల వంజరం అనే చేపనే మేం కోనం అంటాం. పైన ఇచ్చిన పేర్లలో తప్పు పట్టవలసినది ఏదీ లేదు. అయితే హోటల్ పేరు కంటే ముందు మీరు చూసుకోవలసింది తేదీ.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరమంతా వేట నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్లు, మోటారు పడవలు సముద్రంలోకి వెళ్ళకుండా ఆపుతారు. మోటారు లేని తెప్పలకు మినహాయింపు ఉంది గానీ, అవి తెచ్చేది ఊరందరికీ సరిపోదు. మీరు వచ్చేది సరిగ్గా ఆ నిషేధం నడుమ. హార్బరులో బోట్లు వరసగా కట్టేసి ఉంటాయి, మత్స్యకారులు ఒడ్డున కూర్చొని వలలు బాగుచేసుకుంటూ కనిపిస్తారు.

హోటళ్ళలో మాత్రం కోనం వేపుడు వంటకాల పట్టికలో ఉంటుంది. అది ఐసులో దాచినదైనా కావచ్చు, పడమటి తీరం నుంచి లారీలో వచ్చినదైనా కావచ్చు. అటువైపు నిషేధం జూన్ 1న గానీ మొదలు కాదు. దాన్ని తినకూడదని కాదు. కానీ తాజా సముద్రపు చేప కోసమే వస్తున్నామన్నారు కాబట్టి ముందే తెలిసి ఉండాలి.

ఈ రెండు నెలలు మేం ఇంట్లో తినేది వేరు. వనామీ రొయ్యలు చెరువుల్లో పెరుగుతాయి, నిషేధంతో వాటికి పని లేదు. పండుగప్పను కూడా చెరువుల్లో పెంచుతున్నారు. కొరమీను, బొమ్మిడాయిలు మంచినీటివి. ఉదయం పూట తెప్పల మీద వచ్చిన నెత్తళ్ళో కానాగంతలో దొరికాయంటే ఆ రోజు పండగే. కాబట్టి బల్ల దగ్గర కూర్చోగానే పట్టిక తెరవకుండా, "ఈ రోజు ఏం వచ్చింది?" అని అడగండి. జవాబు చెప్పడానికి వడ్డించే అబ్బాయి లోపలికి వెళ్ళి కనుక్కొని వస్తే అది మంచి హోటల్. "అన్నీ ఉన్నాయి" అని అక్కడికక్కడే చెప్పేస్తే రొయ్యలు తెప్పించుకొని తినేయండి.

పెన్నాతీరం | ఏప్రిల్ 19, ఉదయం 8:02

ఉప్పుగాలి మాస్టారూ, నిషేధం సంగతి నెల్లూరు వాళ్ళం మాకు తెలుసు గానీ బయటి నుంచి వచ్చేవాళ్ళకు ఎవరూ చెప్పరు. మంచి పని చేశారు.

దీనికి ఒక మాట కలుపుతాను. పట్టికలో చేప ధర బదులు "సైజును బట్టి" అని రాసి ఉంటే, తూకం ఎంత, మొత్తం ఎంత అవుతుంది అని వండక ముందే అడగండి. ఒక తీరప్రాంతపు హోటల్లో (పేరు అనవసరం) మాకు నిండు చందువ చూపించి, ధర అడిగితే "మామూలేనండి" అన్నారు. బిల్లు వచ్చాక మా బావగారి ముఖం చూడలేకపోయాను. అడగడం నామోషీ కాదు. పేరున్న హోటళ్ళలో చేపను పళ్ళెంలో పెట్టి తెచ్చి, తూచి, లెక్క చెప్పి మరీ తీసుకెళ్తారు.

జాలరిపేట కోడలు | ఏప్రిల్ 19, మధ్యాహ్నం 2:20

మా అత్తగారిది పెదజాలరిపేట. ఉప్పుగాలి గారు చెప్పింది అక్షరాలా నిజం. ఈ రెండు నెలలు మా ఇళ్ళలో రాబడి ఉండదు, ప్రభుత్వం ఇచ్చే భృతి మీద, ఎండుచేపల అమ్మకం మీద గడుస్తుంది. అందుకని ఎవరైనా "మే నెలలో తాజా కోనం" అని బోర్డు పెడితే నాకు మనసు ఒప్పదు.

చేప కూర విషయంలో మీకు ఒకటి చెప్పాలి తమ్ముడూ. హోటళ్ళలో వేపుడు ఎవరైనా చేస్తారు. మసాలా గట్టిగా పట్టించి నూనెలో వేస్తే పాత చేప కూడా మాట్లాడదు. పులుసులో అలా కుదరదు. చేప నిలవ ఉన్నదైతే ముక్క పొడి పొడిగా విడిపోతుంది, పులుసు నీచు వాసన కొడుతుంది, ఎంత చింతపండు పోసినా దాగదు. కొత్త హోటలుకు వెళ్తే నేను మొదట ఒక్క గిన్నె పులుసు తెప్పిస్తాను. అది బాగుంటేనే మిగతావి.

మా అత్తగారు పులుసు పెట్టేటప్పుడు పక్కన కూర్చొని చూసేదాన్ని. ఉల్లిపాయ మెత్తగా నూరి, నూనెలో పచ్చి వాసన పోయేదాకా వేయించి, పసుపు, కారం, చింతపండు పులుసు పోసి బాగా మరగనిస్తారు. ముక్కలు వేశాక ఇక గరిటె పెట్టరు. దాక అంచులు రెండు చేతులా గుడ్డతో పట్టుకొని మెల్లగా గుండ్రంగా తిప్పుతారు, అంతే. గరిటె తగిలితే ముక్క విరుగుతుందని. దించే ముందు చిటికెడు మెంతిపొడి, కొత్తిమీర, చిన్న బెల్లం ముక్క. ఉదయం పెట్టిన పులుసు రాత్రికి ఇంకా బాగుంటుంది. భోజనానికి వెళ్ళిన చోట ముక్క చెక్కుచెదరకుండా వచ్చి, పైన నూనె తేరి ఉంటే, లోపల వండుతున్నది చేయి తిరిగిన మనిషేనని నమ్మవచ్చు.

ఇంకొకటి. తక్కువ ధరకు చేపల పులుసు భోజనం పెట్టే చోట్ల సాధారణంగా బొచ్చె, రాగండి వాడతారు. అవి చెరువు చేపలు, మీ వరంగల్‌లో దొరికేవే. "సముద్రపుదా, చెరువుదా?" అని అడగండి, దాచకుండా చెప్తారు. పిల్లలకైతే కోనం, పండుగప్ప మంచివి, ముల్లు తక్కువ. కారం వేయకుండా ఉప్పు, పసుపు, మిరియాల పొడితో వేయించమంటే వేయిస్తారు. కానాగంతలు, కవళ్ళు రుచిగా ఉంటాయి గానీ ముళ్ళు ఎక్కువ, మీరిద్దరే తినండి.

హనుమకొండవాసి | ఏప్రిల్ 19, సాయంత్రం 5:48

అక్కా, మీ పులుసు చదువుతుంటేనే ఆకలి వేసింది. నిషేధం గురించి ఇక్కడ అడగకపోతే మాకు తెలిసేదే కాదు. సెలవులు మార్చుకోవడానికి వీల్లేదు, మేలోనే వస్తాం. ఉన్నదాంట్లో మంచిది తింటాం.

ఇప్పుడు నాన్నగారి సంగతి చెప్పండి. ధరణి ఒక పూట సరే, మిగతా పూటలు?

పప్పునెయ్యి | ఏప్రిల్ 19, రాత్రి 8:15

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను! విశాఖ అనగానే అందరూ చేపల వెంట పడతారు గానీ, ఉత్తరాంధ్ర శాకాహారం అంత మంచిది మరొకటి లేదని నా నమ్మకం. పుట్టింది విజయనగరంలో, కాబట్టి పక్షపాతం ఉంటే ఉండనివ్వండి.

మొదట టిఫిన్. పూరీ పటోళీ దొరికితే వదలకండి. శనగపప్పు నానబెట్టి బరకగా రుబ్బి, ఉల్లిపాయలు, ధనియాలు, పచ్చిమిర్చితో పొడిపొడిగా వేయిస్తారు. హోటళ్ళలో బొంబాయి చట్నీయే ఎక్కువ, పటోళీ అడిగి తెలుసుకోవాలి. పూరీ నాన్నగారికి వద్దనుకుంటే, చిరుధాన్యాల ఇడ్లీలను అడ్డాకుల్లో ఆవిరి మీద ఉడికించి పెట్టే చోట్లు ఇప్పుడు ఊళ్ళో ఉన్నాయి. వాసెన పోలి అన్న పేరుతో నడిచే చోటు అందులో బాగా తెలిసినది. రాగి ఇడ్లీకి ఆ ఆకు వాసన పట్టి, అల్లం పచ్చడితో తింటుంటే ఇది పథ్యపు తిండి అన్న ఆలోచనే రాదు. మా వైపు రాగులను చోళ్ళు అంటాం. చోడి అంబలి ఎక్కడైనా కనిపిస్తే ఎండకు అదే మందు, మజ్జిగ కలిపి ఉల్లిపాయ నంజుకోవాలి.

భోజనంలో ఒక జాగ్రత్త. మా ప్రాంతంలో పులుసులో, కొన్ని కూరల్లో బెల్లం పడుతుంది. పక్కనే అనకాపల్లి బెల్లం మార్కెట్ ఉన్నప్పుడు పడకుండా ఎలా ఉంటుంది! నాన్నగారికి వడ్డించేటప్పుడు పులుసులో తీపి ఉందా అని అడగండి. ముద్దపప్పు, నెయ్యి, ఇంగువ చారు, ఆవ పెట్టిన కూర, చివర మజ్జిగ అయితే చింత లేదు. పిల్లలకూ ఆ పప్పు, నెయ్యి, అప్పడం చాలు.

సింహాచలం వెళ్తారు కదా. దర్శనం త్వరగా అయితే దేవస్థానం నిత్యాన్నదానంలో కూర్చోండి. పులిహోర ప్రసాదం సరేసరి. కొండ దిగేటప్పుడు అనాస పండ్లు, పనస తొనలు అమ్ముతుంటారు. సింహాచలం కొండల అనాస రుచి వేరు. నాన్నగారికి ఒక ముక్క, మిగతాది పిల్లలకు.

అలల హోరు | ఏప్రిల్ 20, ఉదయం 7:10

అందరూ మంచి మాటలే చెప్పారు, నాకు ఒక్కచోట అభ్యంతరం ఉంది. ఈ వేదికలో ఎవరు విశాఖ గురించి అడిగినా "సముద్రం కనిపించే హోటళ్ళు వద్దు, ఊళ్ళోకి వెళ్ళండి" అనే జవాబే వస్తుంది. ఇంతవరకూ ఇక్కడ ఎవరూ అనలేదు, కానీ అంటారని తెలుసు. వాళ్ళు హనుమకొండ నుంచి వస్తున్నారు, పెద్దాయనతో వస్తున్నారు. ఆయనకు మళ్ళీ ఎప్పుడు కుదురుతుందో! అలలు చూస్తూ, గాలి తగులుతూ, కుటుంబంతో కలిసి భోంచేయడం కూడా భోజనంలో భాగమే. కూర ఒక పాలు తక్కువైతే మునిగిపోయేది ఏమీ లేదు.

ఉప్పుగాలి | ఏప్రిల్ 20, ఉదయం 9:25

నేను అనబోతున్న మాటే అది, ముందే పట్టేశారు. మీరన్నదీ కాదనలేను. అయినా నా వాదన వినండి.

మే నెల మిట్టమధ్యాహ్నం సముద్రం ఎదుట ఆరుబయట కూర్చోవడం పెద్దవాళ్ళకు శిక్ష. ఎండ ఒక ఎత్తు, ఉక్కపోత ఇంకొక ఎత్తు. చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది, ఆకలి చచ్చిపోతుంది. అద్దాల వెనుక ఏసీలో కూర్చుంటే గాలీ లేదు, హోరూ లేదు. ఉన్నదల్లా దృశ్యం, దానికి బిల్లులో విడిగా లెక్క కట్టినట్టే ఉంటుంది.

సముద్రాన్ని చూడవలసిన వేళ తెల్లవారుజాము. ఆర్కే బీచ్ దగ్గర ఆ వేళకు వాహనాలు ఆపేసి రోడ్డును నడిచేవాళ్ళకు వదిలేస్తారు. నాన్నగారిని అప్పుడు తీసుకెళ్ళండి, ఎటు చూసినా ఆయన వయసు వాళ్ళే కనిపిస్తారు. మళ్ళీ సాయంత్రం ఐదున్నర తర్వాత వెళ్ళి మురీ (మరమరాల) మిక్స్చర్, కాల్చిన మొక్కజొన్న పొత్తులు, వేడి మిరపకాయ బజ్జీలు తింటూ గట్టు మీద కూర్చోండి. ఇది తాటి ముంజల కాలం కూడా, మన కళ్ళ ముందు కాయ కొట్టి తీసి ఇచ్చేవాళ్ళ దగ్గరే కొనండి. సముద్రంతో తినడమంటే అది. మధ్యాహ్నం, రాత్రి భోజనాలు మాత్రం జగదాంబ, ద్వారకానగర్, సిరిపురం వైపు చేయండి. బీచ్ నుంచి ఆటోలో దగ్గరే.

అలల హోరు | ఏప్రిల్ 20, ఉదయం 9:50

ఒక్క పూటైనా బీచ్ రోడ్డులో రాత్రి భోజనం పెట్టుకోండి హనుమకొండవాసి గారూ. చీకటి పడ్డాక ఉక్క తగ్గుతుంది. మాస్టారి మాట మధ్యాహ్నానికి, నా మాట రాత్రికి.

హనుమకొండవాసి | ఏప్రిల్ 20, మధ్యాహ్నం 1:30

రెండూ పాటిస్తాం. ఫోనులో నక్షత్రాల గుర్తులు చూస్తే అన్ని హోటళ్ళకూ నాలుగు పైనే ఉన్నాయి, ఏదీ తేల్చుకోలేకపోతున్నాను. వాటిని ఎంతవరకు నమ్మవచ్చు? భీమిలి దాకా వెళ్ళాలని కూడా ఉంది, అక్కడ భోజనం దొరుకుతుందా?

మహారాణిపేట | ఏప్రిల్ 20, మధ్యాహ్నం 3:05

నక్షత్రాలు వదిలేసి రాతలు చదవండి. అందులోనూ గత నెలా రెండు నెలల్లో రాసినవే. "వాతావరణం అద్భుతం, సిబ్బంది మర్యాదస్తులు" అన్న రాత వంట గురించి ఏమీ చెప్పదు. "చారు పలచగా ఉంది, రొయ్యల ఇగురు బాగుంది, మూడింటికి వెళ్తే కూర అయిపోయింది" అన్నవారు నిజంగా తిన్నవారు. మనుషులు పెట్టిన ఫొటోల్లో విస్తరి చూడండి, హోటలు వాళ్ళు పెట్టిన ఫొటోలు కాదు.

ఇంకొక ఉపాయం. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆఫీసుల వాళ్ళు, బ్యాంకుల వాళ్ళు ఎక్కడ వరస కడుతున్నారో చూడండి. రోజూ తినేవాళ్ళు నాసిరకం అన్నానికి రెండోసారి రారు. సెలవుల కోసం వచ్చినవాళ్ళతోనే నిండే హోటలుకు ఆ భయం ఉండదు. ఈ ఊరికి బెంగాలీ యాత్రికులు చాలామంది వస్తారు, వాళ్ళ కోసం బెంగాలీ భోజనం బోర్డులు కూడా కనిపిస్తాయి. అవి వాళ్ళ ఇంటి రుచి కోసం పెట్టినవి. మీరు వెతికే ఊరి వంట అక్కడ ఉండదు.

ఆటో ఎక్కగానే "మంచి హోటలుకు తీసుకెళ్తా" అంటే, వెళ్ళవలసిన చోటు పేరు మీరే చెప్పండి. కొన్ని చోట్ల కమీషను ఏర్పాట్లు ఉంటాయి. అదే డ్రైవరును "మీరు మధ్యాహ్నం ఎక్కడ తింటారు?" అని అడిగి చూడండి, జవాబు వేరుగా వస్తుంది, చాలాసార్లు అదే మంచి జవాబు.

భీమిలి గురించి మాస్టారు చెప్తే బాగుంటుంది.

ఉప్పుగాలి | ఏప్రిల్ 20, రాత్రి 7:45

భీమిలి వెళ్ళే దారే అందం. రుషికొండ, తొట్లకొండ దాటాక మంగమారిపేట వస్తుంది, అక్కడ సముద్రంలోకి చొచ్చుకొచ్చిన సహజ శిలాతోరణం చూడండి. పడవలు ఇసుక మీదికే లాగి పెట్టుకునే ఊరు అది. ఉదయం ఎనిమిది లోపు వెళ్తే, తెప్పలు వచ్చిన రోజైతే, ఒడ్డునే గంపల్లో చేపలు చూస్తారు. మొప్పలు ఎర్రగా, కన్ను తేటగా పైకి ఉబ్బి, వేలితో నొక్కితే గుంట వెంటనే పూడిపోతే తాజా చేప. పిల్లలకు చూపించండి, ఎప్పటికీ మరచిపోరు.

భీమిలి పాత ఊరు. 1861లోనే మునిసిపాలిటీ అయింది, డచ్చివారి సమాధులు ఇంకా ఉన్నాయి. గోస్తని నది అక్కడే సముద్రంలో కలుస్తుంది. ఏటి మొగలో పీతలు బాగుంటాయి. ఊళ్ళో చిన్న చిన్న భోజన హోటళ్ళు ఉన్నాయి గానీ, నాన్నగారికి అక్కడ ఎంపిక తక్కువ. ఆయన పన్నెండున్నర భోజనం తప్పకూడదంటే ఉదయమే వెళ్ళి పదకొండుకల్లా బయలుదేరి విశాఖకు వచ్చేయండి.

అరకు వెళ్తే బొంగులో చికెన్ తినండి. వెదురు బొంగులో మసాలా పట్టించిన మాంసం కూరి, ఆకులతో మూతి మూసి, నిప్పుల మీద కాలుస్తారు. చుక్క నూనె పడదు. బొర్రా గుహల దగ్గర దొరుకుతుంది, అప్పటికప్పుడు కాల్చి ఇచ్చేదే తీసుకోండి.

హనుమకొండవాసి | మే 11, రాత్రి 9:30

క్షేమంగా వచ్చేశాం. మీరందరూ చెప్పినవి వీలైనంత పాటించాం, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నాన్నగారికి ధరణి ఎంత నచ్చిందంటే, మళ్ళీ అక్కడికే వెళ్దామని ఆయనే అడిగారు. ఆయన అలా అడగడం మా ఇంట్లో అరుదు. ఆవ పెట్టిన కూర ఏ కాయతో చేశారని వడ్డించే ఆయనను పిలిచి అడిగి, అమ్మకు చెప్పాలని కాగితం మీద రాసుకున్నారు. రాగి ఇడ్లీలు ఆకు విప్పి పెడుతుంటే పిల్లలు పోటీ పడ్డారు.

కామత్‌లో "ఈ రోజు ఏం వచ్చింది?" అని అడిగాను. అబ్బాయి లోపలికి వెళ్ళి వచ్చి, "నెత్తళ్ళు ఉన్నాయి సార్, కొంచెమే" అన్నాడు. కరకరలాడే వేపుడు, తలతో సహా తినేశాం. జాలరిపేట అక్క చెప్పినట్టు పులుసు కూడా తెప్పించాం, పండుగప్పతో. ముక్క ముక్కలాగే ఉంది, పైన నూనె తేరి ఉంది. మా ఆవిడ ఆ గిన్నె తుడిచి పెట్టేసింది. కోనం జోలికి పోలేదు, నిషేధం లేని రోజుల్లో వచ్చి తింటాం.

ఒక రాత్రి భోజనం బీచ్ రోడ్డులో పెట్టుకున్నాం, అలల హోరు గారి కోసం. గాలి బాగుంది, అన్నం మామూలుగా ఉంది, నాన్నగారు మాత్రం గంటసేపు లేవలేదు.

జాలరిపేట కోడలు | మే 12, ఉదయం 10:10

నెత్తళ్ళు దొరికాయంటే మీ అదృష్టం తమ్ముడూ. మే నెలలో మాకే దొరకడం లేదు.

కొత్తగూడెం | మే 12, సాయంత్రం 6:20

చర్చ మొత్తం చదివాను, చాలా ఉపయోగపడింది. మేం దసరా తర్వాత వెళ్దామనుకుంటున్నాం. అప్పుడు చేపలు బాగుంటాయా? ఇంటికి తేవడానికి ఏదైనా తీపి చెప్పండి.

ఉప్పుగాలి | మే 12, రాత్రి 8:00

తీపి అంటే మాడుగుల హల్వా. గోధుమలు నానబెట్టి, రుబ్బి, ఆ పాలు తీసి, పంచదార, నెయ్యితో గంటల తరబడి కలుపుతూ చేస్తారు, జీడిపప్పు దండిగా పడుతుంది. మాడుగుల అనకాపల్లి జిల్లాలో ఉంది, హల్వా విశాఖలోనూ దొరుకుతుంది. నెయ్యి వాసన చూసి కొనండి. రైలు ప్రయాణానికి ఏ ఇబ్బందీ ఉండదు.

చేపలకు దసరా తర్వాత మంచి కాలమే. కార్తీక మాసం మొదలయ్యాక చాలా ఇళ్ళలో మాంసం, చేపలు మానేస్తారు కాబట్టి హోటళ్ళలో రద్దీ తగ్గుతుంది, ధర కూడా కాస్త దిగుతుంది. చూసుకోవలసిందల్లా తుపానుల సంగతి. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం హెచ్చరిక వస్తే పడవలు బయటికి వెళ్ళవు, ఆ తర్వాత కొన్నాళ్ళు హార్బరులో సరుకు ఉండదు. బయలుదేరే వారంలో వాతావరణ శాఖ సూచన చూసుకొని రండి. పౌర్ణమి, అమావాస్యల లెక్క కూడా ఉంది, అది జాలరిపేట కోడలు గారు నా కంటే బాగా చెప్తారు.